పిలుపు డోలు

పరుగు... పరుగు!

ఎబెర్ వీధి మలుపు తిరిగాడు. ఒక కాలి చెప్పు ఎక్కడో ఊడిపోయింది. వెనక బూట్ల చప్పుడు ఆగడం లేదు.

పొద్దు ఇప్పుడే గుంకింది. మోంటెవిడియోలో కార్నివాల్ రోజు. పలెర్మో పేట మొత్తం వీధుల్లోనే ఉంది. మేడల మీద జనం, మెట్ల మీద జనం.

"ఏరా, పెళ్ళాం తరుముతోందా?" కిటికీలోంచి ఓ ముసలావిడ నవ్వింది.

పెళ్ళాం కాదు. తెచేరా మనిషి!

పోయిన నెల పోర్టు గోడౌన్లో ముఠా నాయకుడు తెచేరా ఓ కాపలావాణ్ణి కాల్చేశాడు. చూసినవాడు ఎబెర్ ఒక్కడే. రేపు కోర్టులో ఆ మాట చెప్పాలి. చెప్పాలంటే ముందు బతకాలి!

తోడుండాల్సిన పోలీసు మధ్యాహ్నమే మాయమయ్యాడు.

ఇక మిగిలింది అదెమార్. తండ్రి పోయాక పెంచినవాడు. డోలు నేర్పినవాడు. పేట మేళానికి పెద్ద.

మూల మీద మంట వేసి డోళ్ళ తోళ్ళు వెచ్చబెడుతున్నారు. ఎబెర్ వాళ్ళ మధ్యలోకి దూసుకెళ్ళాడు.

"పెద్దాయనా! చంపేస్తారు నన్ను!"

"నోర్ముయ్యి. టోపీ పెట్టుకో."

గడ్డి టోపీ. ముఖం నిండా తెల్లరంగు, నీలం చారలు పూశారు. అదెమార్‌కీ అవే. అందరికీ అవే.

"ఇప్పుడు నిన్నెవడు పోలుస్తాడ్రా? కన్నతల్లి కూడా పోల్చలేదు."

ముసలాయన ఓ డోలు తెచ్చి ఎబెర్ భుజానికి తగిలించాడు.

పిలుపు డోలు!

"నాకా?"

"నీకే. పసుపు మేడ దగ్గర చెయ్యెత్తుతాను. అందరూ ఆపేస్తారు. నువ్వొక్కడివే వాయించి మేళాన్ని మళ్ళీ పిలవాలి."

ఆ చోట ఏటా పిలిచేది అదెమారే. ఎబెర్‌కి కళ్ళు చెమర్చాయి. ఆ ముసలి చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకున్నాడు.

పక్కన డోలు తగిలించుకున్న మీర్తా మూతి తిప్పింది. "ఎన్నేళ్ళుగా అడుగుతున్నాను! ముసలాడు నాకివ్వలేదు. తప్పు కొట్టావో, ఆ డోలు నీ నెత్తినే పగలగొడతా!"

మేళం కదిలింది. అదెమార్ ఇంకో డోలు తగిలించుకుని ఎబెర్ పక్కనే నడిచాడు.

డోళ్ళు! గుండెలో దడదడలాడుతున్నాయి.

అదిగో... పేవ్‌మెంట్ మీద తెచేరా మనిషి! ఒక్కో ముఖమే చూసుకుంటూ వస్తున్నాడు. ఎబెర్ ముఖం చూశాడు.

దాటి వెళ్ళిపోయాడు!

ఎబెర్‌కి నవ్వాగలేదు. బతికిపోయాను! అనుకున్నాడు.

పసుపు మేడ వచ్చింది. అదెమార్ చెయ్యెత్తాడు.

డోళ్ళన్నీ ఆగిపోయాయి. వీధంతా ఊపిరి బిగబట్టింది.

ఎబెర్ కర్ర ఎత్తాడు... ముసలాయన వైపు చూశాడు.

అదెమార్ పైకి చూస్తున్నాడు.

మేళం ఆపిన పెద్ద వాయించేవాళ్ళ చేతులు చూస్తాడు. పైకి చూడడు. ఎప్పుడూ చూడడు!

ఎబెర్ కూడా తలెత్తాడు. మేడ మీద కిటికీ... తెర సందులో తుపాకీ గొట్టం!

ముఖం చూసి పోల్చలేరు. అందుకే ఒంటరిగా మోగే డోలు కోసం కాచుకున్నారు!

కర్ర గాల్లోనే ఆగింది. తండ్రి పోయినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు.

"కొట్టరా!" అదెమార్ పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

"ఎందుకు పెద్దాయనా? నేనేం చేశాను నీకు?"

"నా మనవడు తెచేరా దగ్గర పని చేస్తున్నాడ్రా. తెచేరాకి శిక్ష పడితే వాడూ జైలుకే! కొట్టు!"

"నేనెవర్ని మరి?"



ఎబెర్ కర్ర దించేశాడు.

నిశ్శబ్దం. జనం ఈలలు మొదలుపెట్టారు.

"ఏమైంది? పలెర్మోకి చేతులు పడిపోయాయా?" పక్కపేట వాడెవడో అరిచాడు. "మా వాళ్ళని పంపమంటారా?"

జనం గొల్లుమన్నారు!

"పెద్దాయనా, పరువు పోతోంది!" మీర్తా అతని భుజం కుదిపింది. "పిలవండి! ఎవరో ఒకరు పిలవండి!"

అదెమార్ దవడ అదురుతోంది. అతని తాత కాలం నుంచి ఈ మూల మీద పిలుపు తప్పలేదు. మళ్ళీ ఈల వేశారు. ఎవరో "థూ!" అన్నారు.

ముసలాయన తుపాకీని మరిచిపోయాడు. మనవణ్ణి మరిచిపోయాడు. చెయ్యి దానంతటదే తన డోలు మీదికి వెళ్ళింది.

టక్... టకటక్... టక్!

"పెద్దాయనా, వద్దు!" ఎబెర్ అతని మీదికి దూకాడు.

ఢాం! కిటికీలోంచి పేలిన గుండుకి ముసలాయన ఎబెర్ చేతుల్లోకి ఒరిగిపోయాడు.

పిలుపు అందుకుని డోళ్ళన్నీ ఒక్కసారిగా మోగాయి.