నునుపు పట్టిన జ్ఞాపకం

ఆ ఉదయం విజయనగరం కళాశాల సభామందిరంలో కెప్టెన్ బొడ్డేపల్లి వైకుంఠరావు నాలుగు వందల మందితో కలిసి మళ్ళీ విమానం దించాడు. దించి, కళ్ళు తెరిచి, మెడలో దండ సర్దుకుని, చప్పట్లు ఆగేదాకా చేతులు జోడించి నిలబడ్డాడు. మోకాళ్ళు లాగుతున్నాయి. పొద్దున్న తిన్న ఉప్మా ఎప్పుడో అరిగిపోయింది. ఇంకా శాలువా కప్పలేదు, జ్ఞాపిక ఇవ్వలేదు, ప్రిన్సిపాలు గారు మాట్లాడనే లేదు.

సన్మానాల్లో ఈ పద్ధతి ఏడాదిన్నరగా స్థిరపడిపోయింది. శాలువాకు ముందు సభలో ఉన్నవాళ్ళంతా చెవి వెనక చెవిబిళ్ళ అతికించుకుంటారు. రూపాయి బిళ్ళంత ఉండే ఆ పలుచని రేకులో ఒక మనిషి అనుభవం ముద్రించి ఉంటుంది. పెట్టుకున్నవాడికి అది చూస్తున్నట్టు ఉండదు, తానే చేస్తున్నట్టు ఉంటుంది. తీసేశాక తానే చేసినట్టు గుర్తుండిపోతుంది. ఈ అనుభవముద్రలు వచ్చాక పిల్లలు నీళ్ళలో దిగకముందే ఈత నేర్చుకుంటున్నారు. హోటళ్ళలో కొత్త వంటవాళ్ళు ఎప్పుడో కాలం చేసిన వంటమనిషి చేతివాటంతో పోపు పెడుతున్నారు. కాశీ మొహం చూడని గుమస్తాలు గంగలో మూడు మునకలు వేసిన సంగతి పూసగుచ్చినట్టు చెబుతున్నారు.

వాటన్నిటిలోకీ ఎక్కువ చెవులెక్కింది ఉప్పుమడుల ముద్ర. రెండేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో, భువనేశ్వర్ నుంచి విశాఖ వస్తున్న విమానం మబ్బుల కిందుగా ఎగురుతుండగా గూడబాతుల గుంపు అడ్డం వచ్చి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. వైకుంఠరావు దాన్ని నౌపడ ఉప్పుమడుల్లో పొట్ట మీద దించాడు. నూట నలభై ముగ్గురూ బతికారు. విమానంలో కెప్టెన్ ఒక్కడికే తలపట్టీ ఉంటుంది, అందులో అతని అనుభవం నమోదవుతూ ఉంటుంది. అది వచ్చాక, మనిషి మనసే దొరుకుతుంటే ఇంక మాటలెందుకని పాత శబ్దపేటికలను విమానాల్లోంచి తీసేశారు. ఆ నాలుగు నిమిషాల ముద్రను జనానికి విడుదల చేశారు. ఇప్పటికి మూడు కోట్ల మంది ఆ విమానాన్ని దించారు. అందరికంటే ఎక్కువసార్లు దించింది మాత్రం వైకుంఠరావే, ఎందుకంటే సన్మానం చేయించుకునేవాడు బిళ్ళ పెట్టుకోకపోతే నిర్వాహకులు నొచ్చుకుంటారు.

శాలువా అయ్యాక నాలుగు మాటలు మాట్లాడమన్నారు. "సముద్రం నాకు ఎడమ పక్కన ఉంది" అని మొదలుపెట్టాడో లేదో, ముందు వరసలో ఒక ముసలాయన లేచాడు.

"కాదు బాబూ, కుడి పక్క. అప్పటికే మనం తిరిగీసాం కదేటి."

సభ నవ్వింది. వైకుంఠరావు కూడా నవ్వి, "అవును, కుడి పక్క" అని దిద్దుకున్నాడు. నిజంగా ఏ పక్కనో అతనికి తెలియలేదు. అలసటగా ఉంది, ఎవరో ఒకరు చెబితే చాలుననిపించింది.

వేదిక వెనక గదిలో ఒకమ్మాయి అతని కోసం కూర్చుని ఉంది. ముప్పై దాటిన మనిషి, విమాన సంస్థ నీలం దుస్తులు, ఒళ్ళో దరఖాస్తుల సంచి. ఆ రోజు అతని పక్క కుర్చీలో కూర్చున్న సహపైలట్ గొర్లె హైమ. ప్రమాదం తర్వాత ఆమెను వేరే మార్గానికి మార్చారు. రెండేళ్ళలో కలుసుకున్నది ఇదే.

"ఏమ్మా, కెప్టెన్‌వయ్యావా?"

"లేద్సార్. రెండుసార్లు కాదన్నారు. ఎల్లుండి మూడోది. అప్పుడూ కాదంటే ఇంక దరఖాస్తు పెట్టడానికి లేదు."

"ఎందుకు కాదన్నారు?"

"ఆపదలో నోరు మెదపలేదట. బొమ్మలా కూర్చున్నానట. అర్హతా మండలిలో ఐదుగురికీ గుర్తుందట." ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు. "మిమ్మల్ని ఒక్క మాట అడిగి వెళ్దామని వచ్చాను సార్. ఆ రోజు నేను మాట్లాడానా, లేదా?"

వైకుంఠరావు ఆ నాలుగు నిమిషాలూ మళ్ళీ తలుచుకున్నాడు. ఇందాకే దించాడు ఆ విమానాన్ని. పక్షులు తగిలాయి, చప్పుడు ఆగింది, మడుల ఆలోచన మెరిసింది, తిప్పాడు. పక్క కుర్చీలో ఒక నీలం రంగు ఉంది. ఆ నీలం రంగు ఏమీ అనలేదు.

"నువ్వే చెప్పమ్మా, ఏం జరిగిందో."

"ఇంజన్లు ఆగాక మీరు కదల్లేదు సార్. పదకొండు సెకన్లు. నేను లెక్కపెట్టాను, భయమేస్తే నాకు లెక్కపెట్టడం అలవాటు. మీ కుడి మణికట్టు పట్టుకున్నాను. 'ఉప్పుమడులున్నాయి సార్, ఏప్రిల్లో అడుగు గట్టిగా ఉంటుంది, మా నాన్న అక్కడే పనిచేశాడు, మీరు తిప్పకపోతే నేను తిప్పేస్తాను' అన్నాను. అప్పుడు తిప్పారు."

అతను ఆ మాటల కోసం జ్ఞాపకంలో వెతుక్కున్నాడు. ఇంట్లో తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు కాదు, అసలు ఆ తాళంచెవి ఉండేదో లేదో తెలియనట్టుంది.

ముద్రలను జనానికి వదిలే ముందు నునుపు పట్టాలని చట్టం. దగ్గులు, దురదలు, అడ్డం వచ్చే ఆలోచనలు తీసేస్తారు. భయం ఒక మోతాదు దాటితే ఆ ముక్కను కోసి రెండు చివర్లూ కలిపేస్తారు. మొదట్లో ఒకరిద్దరు ముసలివాళ్ళు ఎవరి భయమో పెట్టుకుని గుండె ఆగి పోయారు, అందుకని ఆ నియమం. నెల తిరిగేసరికి అసలు ముద్రను చెరిపేస్తారు, అది మనిషి మర్యాద కోసం. ఎవరి తప్పూ లేదు. వైకుంఠరావు ఆస్పత్రి మంచం మీద చదవకుండా సంతకం పెట్టాడు, అంతే.

"నాకు గుర్తులేదు హైమా. అబద్ధం చెప్పను" అన్నాడు.

ఆమె తల ఊపి, సంచి తీసుకుని లేచింది. ఎల్లుండి మండలికి తాను వస్తానన్నాడతను. "ఏం చెబుతారు సార్" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఇంటికి చేరాక అతని భార్య తాయారు శాలువా మడతపెట్టి బీరువాలో ఇరికించింది. బీరువా తలుపు భుజంతో నెట్టాల్సి వచ్చింది.

"ఏటండీ, మొహం అలాగ వేలాడేసారు?"

చెప్పాడు. తాయారు అంతా విని, అతని కుడిచెయ్యి లాక్కుని మణికట్టు తిప్పి చూసింది.

"నాలుగు గుర్తులుండేవి ఇక్కడ. చందమామ ముక్కల్లాగ. గోళ్ళు దిగిపోయాయి. నెల్లాళ్ళు కొబ్బరినూనె రాసేను కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరే నాకు చెప్పేరు. ఆ సాయంత్రం ఆస్పత్రిలో. 'చేతులు చచ్చుబడిపోయాయి తాయారూ, ఆ పిల్ల గిచ్చి లేపింది, లేకపోతే అందరం పోయేవాళ్ళం' అని నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడిచేరు. తరవాత ఊరంతా మిమ్మల్ని ఆకాశానికెత్తేసింది. మీరింక ఆ ఊసెత్తలేదు. సిగ్గేమో, మరిచిపోనీలే అనుకున్నాను."

తాయారు ఆ బిళ్ళ ఎప్పుడూ పెట్టుకోలేదు. మొగుడు చావబోయిన నాలుగు నిమిషాలు తనకెందుకని వద్దంది. వాళ్ళ వీధిలో విమానం దించని మనిషి ఆవిడొక్కతే.

వైకుంఠరావు మంచం మీద వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆ ఏడుపు గుర్తు రాలేదు. కానీ ఇంకొకటి వచ్చింది. మొట్టమొదటిసారి నునుపు ముద్ర పెట్టుకుని తీసినప్పుడు, ఏదో పోయిందని తెలిసింది. పోయినందుకు హాయిగా అనిపించింది. ఏం పోయిందో తెలియదు, ఆ హాయి మాత్రం స్పష్టంగా ఉంది. అది గుర్తొచ్చి అతనికి తనమీద అసహ్యం వేసింది.

మూడోనాడు పది గంటలకు విశాఖలో అర్హతా మండలి కూర్చుంది. అయిదుగురు సభ్యులు, అయిదు మంచినీళ్ళ గ్లాసులు. హైమ ఒక పక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. వైకుంఠరావు లోపలికి రాగానే అయిదుగురూ లేచి నిలబడ్డారు.

"సహపైలట్ మాట్లాడిందని మీకు గుర్తుందా సార్?" అధ్యక్షురాలు మెత్తగా అడిగింది. తల నెరిసిన మంచి మనిషి, ఒకప్పుడు తానూ విమానం నడిపింది.

"లేదండీ. ముద్రలో కోసేశారు, అదే పెట్టుకుని పెట్టుకుని నా సొంత జ్ఞాపకమూ పోయింది. కానీ మొదటిసారి ఆ బిళ్ళ తీసినప్పుడు, ఏదో పోయినందుకు నాకు హాయిగా అనిపించింది. ఏం పోతే మనిషికి హాయిగా ఉంటుంది చెప్పండి, సిగ్గుపడే సంగతేగా. నేను బిగుసుకుపోయాను. ఈ అమ్మాయి లేపింది. మడుల సంగతి చెప్పింది కూడా ఈ అమ్మాయే. నా చేతిమీద గోళ్ళ గుర్తులు నెల్లాళ్ళున్నాయి. మా ఆవిడ చూసింది."

సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇంత పెద్ద మనసు ఎంతమందికి ఉంటుంది సార్" అంది అధ్యక్షురాలు. "తోటి ఉద్యోగి కోసం మీ పేరునే తగ్గించుకుంటున్నారు. మాకు తెలుసు. కానీ మేమూ ఆ కుర్చీలో కూర్చున్నాం. ఆ మడుల ఆలోచన మనకు ఎలా వచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరూ చెప్పలేదు సార్. మనకే వచ్చింది. కోత పెట్టి ఉండొచ్చు, కానీ నా కళ్ళముందు జరిగినదాన్ని జరగలేదని ఎలా రాయను? ఏమీ అనుకోకండి, మీకంటే మాకే బాగా గుర్తుంది."

ఆమె అబద్ధమాడటం లేదు. ఆమెకు నిజంగానే గుర్తుంది.

తిరస్కరణ కాగితం మీద అయిదు సంతకాలు పడ్డాయి. తర్వాత ఒక సభ్యుడు లోపలికి వెళ్ళి శాలువా తెచ్చాడు. కెప్టెన్ గారు కార్యాలయానికి వచ్చాక ఉత్తి చేతులతో పంపితే బాగుండదని పొద్దున్నే తెప్పించి ఉంచారట. వైకుంఠరావు వద్దు వద్దంటున్నా అయిదుగురూ చుట్టూ చేరి కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఊరుకుంటే ఓర్వలేని ఏడుపనుకుంటారని హైమ కూడా కొట్టింది.

బయట వరండాలో ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. అతను శాలువా తీసి పక్కన పడేశాడు. క్షమించమని అడగాలనుంది, కానీ దేనికని అడగాలో అతనికే గుర్తులేదు.

"పెద్దగా ఆశ పెట్టుకోలేదు సార్" అంది హైమ. చేతుల్లోకి చూసుకుంటూ మళ్ళీ అంది. "ఇంకోటి అయింది. నిన్న నేనూ ఆ బిళ్ళ పెట్టుకున్నాను. వీళ్ళకి ఏం గుర్తుందో తెలిస్తే జవాబు చెప్పొచ్చని. ఇప్పుడు నాకు రెండూ ఉన్నాయి. మాట్లాడినట్టూ ఉంది, మాట్లాడనట్టూ ఉంది. ఒకటేమో నునుపుగా ఉంది, మాటిమాటికీ అదే ముందుకొస్తోంది. రేపటికి ఏది మిగులుతుందో తెలీదు."

వైకుంఠరావు లేచి నిలబడ్డాడు.

"మా ఇంటికి రా. ఇప్పుడే."

అరగంటలో చేరారు. తాయారు వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. హైమను పీట మీద కూర్చోమని, ముందు మజ్జిగ ఇచ్చింది. ఆ సాయంత్రం ఆస్పత్రిలో తాను ఏం చెప్పాడో ఈ పిల్లకు చెప్పమన్నాడు వైకుంఠరావు. చిక్కుళ్ళ పళ్ళెం పక్కకి జరిపి తాయారు చెప్పడం మొదలుపెట్టింది. బిళ్ళల్లో ఉన్నట్టు వరసగా లేదది. మధ్యలో ఆస్పత్రి దుప్పటి కంపు గురించి చెప్పింది, నర్సు కసిరిన సంగతి చెప్పింది, గోళ్ళ గుర్తులు చూసి తాను ముందు ఏమనుకుందో చెప్పింది. చేతులు చచ్చుబడటం, ఆ పిల్ల గిచ్చి లేపడం, వాళ్ళ నాన్న ఉప్పు తీసిన మడులు, అన్నీ వచ్చాయి.

హైమ కదలకుండా విన్నది. వైకుంఠరావు గుమ్మంలో నిలబడి, ఎవరి కథో విన్నట్టు విన్నాడు.

తాయారు చెప్పడం ముగించి మళ్ళీ చిక్కుళ్ళు అందుకోబోయింది. హైమ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఇంకోసారి చెప్పండమ్మా" అంది.