సూది ముట్టని ఏజెంట్

"డాక్టర్ నెరిడా దేశాన్ని అమ్మేస్తోంది," అన్నాడు చీఫ్. "ఎంజైమ్ స్ఫటికాలు విదేశీ ముఠాకి చేరబోతున్నాయి. శాస్త్రవేత్త వేషంలో ఆమె మెల్బోర్న్ లాబ్‌లో చేరు. వాటిని ఎత్తుకొచ్చి మన వెరీనాకివ్వు. కోడ్ మాట 'మాగ్‌పై'."

ఏజెంట్ కాలమ్‌కి రివాల్వర్ వచ్చు, మారువేషాలు వచ్చు. సైన్స్ మాత్రం రైల్లో చదువుకున్నాడు.

అది ఒక మొండి క్రిమిలోని ఎంజైమ్. ప్రోటీన్‌కి ముడిసరుకు మోసే ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ మీద చిన్న రసాయన గుర్తు వేస్తుంది. ఆ గుర్తు లేకపోతే తప్పు సరుకు దిగి క్రిమి చస్తుంది. స్ఫటికాన్ని ఎక్స్‌రే బీమ్‌లో పెడితే ఎంజైమ్ ఆకారం తెలుస్తుంది, దాని నోరు మూసే మందు తయారవుతుంది. ఆ మందు కోసం ఆసుపత్రిలో పసివాళ్లు ఎదురుచూస్తున్నారు. స్ఫటికాలు ముఠా చేతికి చిక్కితే వాళ్లకిక దిక్కులేదు.

నెరిడా మైక్రోస్కోప్‌లో స్ఫటికాలు చూపించి, కాలమ్ చేతికి సూది ఇచ్చింది.

"అబ్బ, ఎంత బావున్నాయి!" అని అతను సూది పక్కన పెట్టేశాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ రోజు నుంచి తన లంచ్ డబ్బాలో సగం అతనికే పెట్టేది.

బీమ్ రోజు ఉదయం కాలమ్ ఆమె బల్ల మీది, స్ఫటికాల్ని చల్లగా ఉంచే నైట్రోజన్ ఫ్లాస్కు ఎత్తుకొచ్చాడు. కార్ పార్క్‌లో ఎర్ర లిప్‌స్టిక్, నల్లకళ్లద్దాల వెరీనా "మాగ్‌పై" అంది. ఫ్లాస్కు అందుకుని కారెక్కి మాయమైంది.

అప్పుడు మోగింది వాచీలోని రేడియో, చీఫ్ గొంతుతో. "వెరీనాయే ముఠా మనిషి! నెరిడా మీద చాడీ చెప్పిందీ తనే. ఆపు!"

ఆపడానికి కారేది? కాలమ్ బీమ్ హాల్లోకి పరుగెత్తాడు.

"నేను గూఢచారిని. మీ స్ఫటికాలు ముఠా మనిషి వెరీనాకిచ్చి పోగొట్టాను."

"ఉప్పేగా," అంది నెరిడా, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఉప్పు కూడా అచ్చం అలాగే మెరుస్తుంది. మావాళ్లెవరైనా ముందు ఒకదాన్ని సూదితో నొక్కి చూస్తారు. చితికితే ప్రోటీన్, టక్కుమంటే ఉప్పు. నువ్వు సూదే ముట్టలేదు. ఈ బాబు దొంగ అనుకుని, ఆ ఫ్లాస్కులో ఉప్పు పెట్టా. అసలువి బీమ్‌లో ఉన్నాయి, చూడు."

తెర మీద ఎంజైమ్ ఆకారం చెప్పే నల్లచుక్కలు బారులు తీరుతున్నాయి.

"మరి తెలిసీ నాకు తిండెందుకు పెట్టారు?"

"దొంగకైనా ఆకలేస్తుంది కదయ్యా."

పట్టుబడ్డ సిగ్గు చిన్నదే. ఆమె చేతి తిండి తింటూ ఆమెనే దొంగ అనుకున్న సిగ్గుకి కాలమ్ తల ఎత్తలేకపోయాడు.

"మొహం అలా పెట్టకు. ప్రోటీన్ అనుకుని ఉప్పు మోసినవాడు అందరికీ లామింగ్టన్ కేకులు కొనాలి. లాబ్ రూలు."

మర్నాడు కేకుల పెట్టెతో వచ్చి, తల వంచుకునే పంచాడు.

నెరిడా ఒకటి కొరికి నిట్టూర్చింది. "ఈపాటికి ముఠావాళ్లూ బీమ్ వేసి, ఉప్పని తెలుసుకునుంటారు. పాపం, ఆ దేశంలో వెరీనాకి లామింగ్టన్లు దొరుకుతాయో లేదో!"