తప్పు కాని చోట తప్పయింది

"జడ్జిగారి కాగితం చూపించి లోపలికి రండి!" అని కూతురు గుమ్మానికి అడ్డం నిలబడేసరికి ఆ తల్లి గుండె జారిపోయింది. ఇన్‌స్పెక్టర్‌ని కాగితం అడగడమా! కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "పిల్లవాడు తెలియక చేశాడు బాబూ" అని కాళ్లావేళ్లా పడవలసిన వేళ! కుళాయిల్లో మురుగు వస్తోందని కొడుకు తన ప్రెస్సులో పోస్టర్లు వేశాడు, అంతే. అలాంటివాళ్లను నాలుగు తిట్టి సాయంత్రానికి వదిలేయడం ఈ దేశంలో మామూలే.

"మా దేశంలో ఇంతేనండీ," అంది కూతురు. పెళ్లయి సరిహద్దు దాటిన పిల్ల, పుట్టింటికి వచ్చి ఇంకా పెట్టె కూడా విప్పలేదు.

"అలాగా!" అని నవ్వాడు ఇన్‌స్పెక్టర్. ఆ నవ్వుతోనే కేసు మారిపోయింది. పోస్టర్ల గొడవ కాస్తా పోలీసులను అడ్డుకున్న నేరమైంది! కొడుకును జీపెక్కించి తీసుకుపోయారు; నెల తిరిగినా వదల్లేదు...

"అక్కడ లాయరు లేకుండా ప్రశ్నే అడగరమ్మా! నోరు విప్పకపోవడం కూడా హక్కే!" అని వెక్కివెక్కి ఏడ్చింది కూతురు.

"ఇక్కడ నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టేనే తల్లీ!"

చివరికి స్టేషన్ నుంచి కబురొచ్చింది. అక్కగారు వచ్చి అందరిముందూ తప్పైందని చెబితే తమ్ముణ్ణి వదులుతారట. ధర్మప్రభువులు!

కూతురు వెళ్లింది. చేతులు కట్టుకుంది. "తప్పైందండీ," అంది.

"వినబడలేదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, టీ తాగుతూ.

రెండోసారి గట్టిగా చెప్పింది. కానిస్టేబుళ్లు నవ్వారు. పక్కనే ఉన్న తల్లి ప్రాణం చివుక్కుమంది. ఒక బిడ్డను విడిపించడానికి ఇంకో బిడ్డ తల వంచిందే!

బక్కచిక్కి బయటికొచ్చిన కొడుకు, "నాకోసం ఎందుకే అక్కా..." అని బావురుమన్నాడు.

"నోర్మూసుకుని పద! అన్నం తిందువుగాని," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు బస్సు దగ్గర, ఏ తల్లీ అనకూడని మాట ఆ తల్లి అనేసింది.

"ఇంక ఇక్కడికి రాకే."

"కోపమా అమ్మా? నావల్లే కదా వాడు..."

"నీమీద కోపం దేనికే, పిచ్చితల్లీ! నువ్వడిగింది న్యాయమే. అడిగిన చోటు మంచిది కాదు... నిన్న స్టేషన్లో నిన్ను అలా చూశాక నాకు ముద్ద దిగలేదు. నువ్వు తలెత్తుకు తిరిగే చోటే ఉండు. నేను పోయానని తెలిసినా రాకు!"

కూతురు తల్లి మెడ పట్టుకుని వదలలేదు. తల్లే ఒక్కొక్క వేలూ విడదీసి, బస్సెక్కించింది.