దానంతటదే లేచే డిక్కీ

ఆదివారం పొద్దున ఏడు కూడా కాలేదు, పినపాకలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. స్తెఫను కారు తుడిచి, ఇంటి ముందు రోడ్డు వారగా నిలబెట్టి, ప్యాంటు జేబులోంచి తాళం బయటికి తీయకుండానే దాని మీది బొత్తాం నొక్కి పట్టుకున్నాడు. టక్కుమని చప్పుడైంది. డిక్కీ మూత దానంతటదే పైకి లేచి నిలబడింది.

"చూసినవా గ్రేసమ్మా? చెయ్యి పెట్టకుండనే లేచింది."

ఆరేళ్ళ గ్రేసు చప్పట్లు కొట్టింది. "మళ్ళొక్కసారి తాతయ్యా."

బొగ్గు గనిలో ముప్పైనాలుగేళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషి స్తెఫను. రిటైరయ్యాడు గానీ ఆయన చేతులు మాత్రం రిటైరు కాలేదు. పెద్ద కార్లలాగా డిక్కీ దానంతటదే తెరుచుకోవాలంటే ఎంతవుతుందని ఖమ్మంలో అడిగి, వాళ్ళు చెప్పిన రేటు విని అక్కడికక్కడే దండం పెట్టి వచ్చేశాడు. మోటారుసైకిల్ సైడు స్టాండుకు వేసే స్ప్రింగులు రెండు కొని, డిక్కీ మడతబందులకు చెరో పక్కా బిగించాడు. రెండు గంటల్లో పని అయిపోయింది. మూత లోపలివైపు పాత సంచి పట్టీ ఒకటి వేలాడదీశాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన భార్య విశ్రాంతమ్మ ఎడమచేత్తో ఆ పట్టీ పట్టుకుని లాగితే చాలు, మూత దిగి గట్టిగా పడుతుంది. ఈ పనితనం చూసి పొంగిపోయి, వాడకట్టులో చూపించని మనిషి లేడు.

చూపించనిది ఒకటుంది. గత నెలలో రెండుసార్లు, చర్చిలో ప్రార్థన ముగించుకుని బయటికి వస్తే డిక్కీ నోరు తెరుచుకుని కనిపించింది. గొళ్ళెం అరిగిందేమో అనుకుని కాస్త నూనె వేసి ఊరుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే కూతురి చెవిన పడుతుంది. పడితే కారు పోతుంది.

కూతురు ఆరాధన ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త క్రిస్టోఫర్‌ని, గ్రేసును వెంటబెట్టుకుని శుక్రవారమే వచ్చింది. వచ్చింది చుట్టపుచూపుగా కాదు, తల్లిని తీసుకుపోవడానికి. విశ్రాంతమ్మ పోయిన నెల బాత్రూంలో జారిపడిందని తెలిసినప్పటి నుంచీ ఆరాధనకు నిద్ర లేదు.

ఇంట్లోంచి బట్టల బ్యాగు మోసుకొచ్చి డిక్కీ దగ్గరికి వచ్చిందామె. ఆ సంగతి చూసుకోకుండా స్తెఫను మనవరాలి కోసం మూత వేసి మళ్ళీ బొత్తాం నొక్కాడు. మూత విసురుగా లేచి ఆరాధన గడ్డానికి బెత్తెడు దూరంలో ఆగింది. ఆమె ఉలిక్కిపడి బ్యాగు వదిలేసింది.

"ఇది కారా, ఎలుకల బోనా నాన్నా?"

"మీ అమ్మ వాకర్ పెట్టనీకె సుఖంగ ఉంటదని చేసిన."

"ఆ వాకర్‌తోని ఇగ నీకు పని పడదు. ప్రార్థన కాంగనే అమ్మను తీస్కొని పోతం. కారు ఆయన నడుపుతడు, ఖమ్మంలనే ఉంటది. నువ్వు నడిపింది చాలు."

"మరి నేను?"

"రమ్మంటే మూడో అంతస్తుల ఊపిరాడదంటివి. నిన్ను ఎత్తుకొని పోవాల్నా?"

నలభై ఏళ్ళ కాపురం ఒక బ్యాగులో పట్టేసిందా అన్నట్టు స్తెఫను కింద పడ్డ ఆ బ్యాగు వంకే చూశాడు. అంతా వింటున్న గ్రేసు తల్లి కొంగు లాగింది.

"అమ్మా, అమ్మమ్మ వాకర్ యాడ పెడతరు?"

"డిక్కీల."

"డిక్కీల జాగ లేకుంటే?"

"లేకుంటే అమ్మమ్మ ఎట్లొస్తది? వాకర్ లేంది అడుగెయ్యదు కదా."

గ్రేసు కాసేపు ఆలోచించి, వేరే కబురు ఎత్తుకుంది. "తాతయ్య ప్రార్థన చేస్తే డిక్కీ లేస్తది. నిన్న నేను కిటికీల నుంచి చూసిన."

"కండ్లు మూసుకోమంటే కిటికీల చూస్తున్నవా?" అని ఆరాధన కసిరింది. పిల్ల మాట ఎవరూ పట్టించుకోనందుకు స్తెఫను లోలోపల సంతోషించి, మూత వేసేసి ఇంట్లోకి నడిచాడు. ఆ సంతోషం తలుచుకున్నప్పుడల్లా ఆయనకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఎనిమిదింటికి చాప పరిచి అందరూ మోకాళ్ళూనారు. విశ్రాంతమ్మ కుర్చీలో కూర్చుని తల వంచుకుంది. రోడ్డు చివర చర్చి మైకులో పాటలు హోరెత్తుతున్నాయి. ఆ రోజు స్తెఫను ప్రార్థన తెగలేదు. కోత కూలీల కోసం, గనిలో రెండో షిఫ్టు వాళ్ళ కోసం, వాన కోసం, ఎదురింటి సోమ్లా ఆటో కోసం కూడా ప్రార్థించాడు. ఆమెన్ అన్నాడంటే వాళ్ళు బయల్దేరతారు. అందుకని ఆయనకు ఆమెన్ అనబుద్ధి కాలేదు.

చివరికి అనక తప్పలేదు. కళ్ళు తెరిచేసరికి చాప మీద గ్రేసు చోటు ఖాళీగా ఉంది.

బాత్రూంలో ఉందనుకున్నారు. లేదు. మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక, పెరట్లో చూశారు. లేదు. సోమ్లా ఇంటికి పోయిందేమో అనుకున్నారు, వాళ్ళ ఇంట్లోనూ లేదు. పిలుపులు కేకలయ్యాయి. పెరటి గోడ దాటితే అడవే. తునికి పండ్ల కోసం మొన్ననే ఒక ఎలుగు ఊరి దాకా వచ్చిపోయింది. అటు పక్కన వాగు ఎండిపోయి, ఇసుకలో నిలువెత్తు గుంటలున్నాయి. ఏది ముందు తలుచుకోవాలో స్తెఫనుకు తెలియలేదు.

"కార్ల చూసిండ్రా?" అన్నాడు సోమ్లా పరుగున వస్తూ.

క్రిస్టోఫర్ అద్దాల్లోంచి తొంగి చూశాడు. సీట్లు ఖాళీగా ఉన్నాయి. "డోర్లన్నీ తాళం వేసి ఉన్నయ్. డిక్కీ సుత మూసే ఉంది. తాళం మామయ్య జేబులనే ఉండె."

తాళం వేసిన కారులోకి పిల్ల ఎట్లా పోతుంది? అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. క్రిస్టోఫర్ వాగు వైపు, సోమ్లా అడవి వైపు ఉరికారు. స్తెఫను చెప్పుల్లేకుండానే సోమ్లా వెనక పరుగెత్తాడు. అరవైఆరేళ్ళ మోకాళ్ళు ఎంతదూరం మోస్తాయి? టేకు చెట్ల మొదట్లోనే ఊపిరి అందక ఆగిపోయాడు. ఎండుటాకుల్లో ఏదో కదిలింది. మనవరాలి పేరు పిలుస్తూ అటు రెండడుగులు వేశాడు. అది తొండ.

ఇంటి ముందుకు తిరిగి వచ్చేసరికి అరగంట దాటిపోయింది. మైకులో పాటలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఆరాధన రోడ్డు మధ్యలో నిలబడి, చెదిరిన జుట్టుతో అందరినీ ఆపి అడుగుతోంది. తండ్రి ఒట్టి చేతులతో రావడం చూసి ఆమె తట్టుకోలేకపోయింది.

"దొరకలేదా?"

స్తెఫను తల అడ్డంగా ఊపాడు.

"నిన్ననే పోదామంటే ఆదివారం ప్రార్థన చేసుకొని పోండ్రి అంటివి. నీ మాట విని ఆగినందుకు నా బిడ్డ పోయింది. అమ్మ బాత్రూంల పడ్డప్పుడు నువ్వు యాడున్నవ్? ఎప్పుడు చూసినా ఆ కారు కిందనే ఉంటవ్. ఒక్క మనిషినన్న కనిపెట్టుకొని ఉన్నవా నాన్నా నువ్వు?"

గడపలో కుర్చీ మీద కూర్చున్న విశ్రాంతమ్మ ఏదో చెప్పబోయింది. మాట తిరగక పెదవులు కదిలాయంతే.

పొద్దున అంతసేపు ధారగా వచ్చిన మాటల్లో ఒక్కటి కూడా ఇప్పుడు స్తెఫను దగ్గర లేదు. కాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి. కాలుతున్న కంకర మీద మోకాళ్ళూని, ముందుకు ఒరిగి, నుదురు నేలకు ఆనించాడు. "ప్రభువా," అన్నాడు. ఇంకేమీ రాలేదు. ప్యాంటు బిగుసుకుని, జేబులోని తాళం తొడకు గట్టిగా ఒత్తుకుంది.

టక్కుమని చప్పుడైంది.

పది అడుగుల దూరంలో డిక్కీ మూత మెల్లగా పైకి లేచి నిలబడింది. దిక్కుమాలిన గొళ్ళెం మళ్ళీ వదిలిందని ఒక్క క్షణం అనిపించింది స్తెఫనుకు. ఆ వెంటనే పట్టీ చివర వేళ్ళాడుతున్న చిన్న చెయ్యి, దాని కింద ఎర్ర గౌను కనిపించాయి. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. లేవలేక మోకాళ్ళ మీదే కారు వైపు పాకాడు.

ఆయనకంటే ముందు ఆరాధన చేరింది. గ్రేసు ముఖం కందిపోయి, ఒళ్ళంతా చెమటతో తడిసి, కళ్ళు సగం మూతలు పడి ఉన్నాయి. అంతదాకా గుండెలు బాదుకుంటున్న తల్లి ఒక్కసారిగా నర్సయిపోయింది. పిల్లను తీసి వసారా నీడలో పడుకోబెట్టింది. "నీళ్ళు తెండి. చల్లటియి వద్దు, మామూలుయే. ఎవరూ మీద పడకుండ్రి, గాలి రానియ్యుండ్రి." గౌను విప్పి, తడిబట్టతో మెడా చంకలూ తుడిచింది. విశ్రాంతమ్మ కుర్చీ మీద నుంచే ఎడమచేత్తో విసనకర్ర పట్టుకుని విసిరింది. స్తెఫను కంచు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు.

ఎంతసేపయిందో. గ్రేసు కళ్ళు తెరిచింది.

"అమ్మా, నీళ్ళు."

ఆ రెండు మాటలకు ఆరాధన వెక్కి వెక్కి ఏడ్చింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తుంటే పిల్ల నెమ్మదిగా చెప్పింది. "తాతయ్య ప్రార్థన చేస్తుంటే డిక్కీ లేచింది. నేను పొయ్యి పండుకున్న. వాకర్‌కు జాగ లేకుంటే అమ్మమ్మ పోదు కదా. పట్టీ గుంజితే మూసుకుంది. మంచిగ ఒర్రిన. ఎవ్వరు రాలే."

సోమ్లా ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. డాక్టరు చూసి, ఎండదెబ్బేనని, ఇంకాసేపయితే చెప్పలేకపోయేవాళ్ళమని, ఇప్పుడు భయం లేదని పంపాడు. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. గ్రేసు అమ్మమ్మ పక్కన పడుకుని నిద్రపోయింది. అప్పుడు స్తెఫను కూతురి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"గొళ్ళెం తప్పు కాదు బిడ్డా. మోకాళ్ళూనితే జేబుల తాళం నొక్కుకుంటుంది. స్ప్రింగులు లేనప్పుడు నొక్కుకున్నా మూత లేవకపోతుండె, ఎవరికీ కనపడలే. నేనే లేచేటట్టు చేసిన. చర్చి కాడ రెండుసార్లు తెరుచుకుంటే చూసి సుత చెప్పలే. చెప్తే కారు గుంజుకుంటరని. పొద్దుగాల పాప చెప్పింది. అప్పుడన్న నోరు తెరిస్తే అయిపోతుండె. దాని పానం మీదికి తెచ్చింది నేనే."

ఆరాధన ఆయన ముఖం వైపు చూడకుండా కూర్చుంది. స్తెఫను పానా తీసుకుని బయటికి వెళ్ళాడు. కాసేపటికి స్ప్రింగులు విప్పుతున్న చప్పుడు వినిపించింది.

విశ్రాంతమ్మ ఎడమచేత్తో కూతురి మోచెయ్యి పట్టుకుంది. ఒక్కొక్క మాటనే కూడదీసుకుంటూ చెప్పింది. "బాత్రూంల... పడలే నేను. దవాఖానా... గేటు కాడ పడ్డ. ఒక చేత్తో నన్ను పట్టుకున్నడు, ఒక చేత్తో వాకర్. డిక్కీ లేపాలె కదా. ఒక్క క్షణం... నన్ను ఇడిసిండు. గంతే." కాస్త ఊపిరి తీసుకుంది. "వారం దినాలు... అన్నం తినలే మీ నాన్న. తర్వాత... గా స్ప్రింగులు తెచ్చిండు. నీకు చెప్పద్దన్నడు."

ఆరాధన లేచి బయటికి పోయింది. స్తెఫను డిక్కీలోకి వంగి రెండో స్ప్రింగు ఊడదీస్తున్నాడు. పాత ఇనుములా అరిగిపోయిన ఆ వీపును చూస్తే ఆమెకు పొద్దున తాను అన్న ప్రతి మాటా ముల్లయి గుచ్చుకుంది.

"నాన్నా."

ఆయన తిరగలేదు. "అయిపోయింది బిడ్డా. పట్టీ సుత తీసేస్త. మీరు తీస్కపోండ్రి అమ్మను. నాతోని కాదు."

"నీకు ఉన్నయి రెండు చేతులే. మూడో చెయ్యి కావాలంటే నన్ను అడగాలె కదా. పొయ్యి స్ప్రింగులను అడిగినవా?"

స్తెఫను చేతిలోని పానా కింద పడింది. ఆరాధన తండ్రి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. "నేను సుత ఎప్పుడన్న అడిగిన్నా నాన్నా? ఎట్ల లేపుతున్నవ్, ఎట్ల కూసోబెడుతున్నవ్ అని? ఫోన్ల తిట్టుడే తప్ప." ఆయన ఆమె తల నిమరబోయి, చేతికి గ్రీజు ఉందని ఆగాడు. ఆమె ఆ చేతినే పట్టుకుంది.

ఆ రోజు వాళ్ళు బయల్దేరలేదు. తల్లిని ఒక్కదాన్నే తీసుకుపోయే మాట ఆరాధన మళ్ళీ ఎత్తలేదు. వారం రోజులు సెలవు పెడతానని ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ తర్వాత ఇద్దరినీ కలిపి కొన్నాళ్ళు ఖమ్మం రమ్మంది, కింది అంతస్తులో ఇల్లు కిరాయికి చూస్తానంది. "చూద్దాం లే" అన్నాడు స్తెఫను. ఆయన నోట చూద్దాం అనే మాట రావడమే గొప్ప.

సాయంత్రం మళ్ళీ చాప పరిచారు. మోకాళ్ళూనే ముందు స్తెఫను జేబులోంచి కారు తాళం తీసి, అందరికీ కనపడేలా స్టూలు మీద పెట్టాడు. ఒక చేత్తో గ్రేసు చెయ్యి పట్టుకున్నాడు. ప్రార్థన మొదలుపెట్టాడు గానీ నాలుగు మాటలు కూడా నడవలేదు. ఉండబట్టలేక, ఆమెన్ అనకుండానే కళ్ళు తెరిచి చూశాడు.

గ్రేసు బుద్ధిగా కళ్ళు మూసుకుని ఉంది. అటు పక్క పిల్ల రెండో చెయ్యి పట్టుకున్న ఆరాధన కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. క్రిస్టోఫర్‌వీ, కుర్చీలో కూర్చున్న విశ్రాంతమ్మవీ కూడా అంతే. ఇంటిల్లిపాదీ ఆ పిల్లనే చూస్తున్నారు.

"ఆమెన్," అన్నాడు స్తెఫను.