జోడు లేని సన్నాయి

ఖలీల్ దగ్గర మొదట ఉన్నది నాలుగు సెకన్లు.

ఆ నాలుగు సెకన్లూ పుట్టిన చోటికి చీకటి పడ్డాక కుక్క కూడా పోదు. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన మూతబడ్డ జిన్నింగు మిల్లు అది. లోపల పత్తి బేళ్లు కట్టే గది ఉంది. అర్ధరాత్రి దాటాక ఆ గోడ పక్కన నడిస్తే ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తుందట... వదిలిన చప్పుడు మాత్రం వినపడదట. పీల్చడమే — వదలడం లేదు. నిలబడి విన్న లారీ క్లీనరు ఒకడికి వారం రోజులు జ్వరం దిగలేదని చెప్పుకుంటారు.

ఆ ఊపిరి ఎవరిదో పేటలో అందరికీ తెలుసు. మీరా హుస్సేన్‌ది. ఖలీల్ వాళ్ల నాన్న.

మీరా హుస్సేన్ మామూలు రోజుల్లో మిల్లు పని, ముహూర్తాల్లో సన్నాయి. పెళ్లయినా, గుడిలో కల్యాణమైనా ఆయనే. పాతికేళ్ల పత్తి దుమ్ముకి ఛాతీలో పిల్లికూతలు చేరాయి. సన్నాయికి జోడు ఉండాలి. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవాళ్లు స్వరం అందుకోవాలి, మధ్యలో సందు రాకూడదు. ఆయనకు జోడు ఖలీలే. రెండేళ్ల కిందట వాడు సన్నాయి పక్కనపెట్టి, పాత కీబోర్డు కొనుక్కుని ఆర్కెస్ట్రాల్లోకి వెళ్లిపోయాడు.

దసరా నాడు మిల్లు బేళ్ల గదిలో ఆయుధపూజకి మీరా హుస్సేన్ ఒక్కడే వాయించాడు. వాయిస్తూ వాయిస్తూ ఆగి, ఊపిరి పీల్చుకుని... అలాగే ఒరిగిపోయాడు. ఆ తర్వాత కూలీలు రాత్రి షిఫ్టుకి రామన్నారు. నెల తిరక్కముందే ఓనరు తాళం వేశాడు.

వాచ్‌మన్ బుల్లయ్య ఆ పూజని ఫోన్లో తీశాడు. డప్పులూ మాటలూ పోను, సన్నాయి ఒక్కటే వినిపించేది నాలుగు సెకన్లు. ఖలీల్ దాన్ని తన కీబోర్డులోకి ఎక్కించుకున్నాడు. ఆ వారంలోనే బుల్లయ్య ఫోను నీళ్లతొట్టిలో పడి చచ్చింది.

ఖలీల్‌కి లెక్కలు నోటిమీద ఉంటాయి. యంత్రం ఒక సెకను శబ్దాన్ని నలభై నాలుగు వేల వంద చుక్కలుగా కోస్తుంది. నాలుగు సెకన్లంటే లక్షా డెబ్బై ఆరు వేల నాలుగు వందల చుక్కలు. స్వరం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడికి పోయి మళ్లీ వెనక్కి తిరగాలో, ఎక్కడ ఆగాలో ఆ చుక్కల్లోనే గుర్తు పెట్టాలి. వెనక్కి తిరిగేదే లూపు. అది కుదిరితే కీబోర్డు మెట్టు నొక్కినంతసేపూ స్వరం మోగుతూనే ఉంటుంది. ఎంత సరిచేసినా ఖలీల్ లూపులో అతుకు దగ్గర సన్నగా ఒక 'టక్' మిగిలిపోయింది.

ఆ నాలుగు సెకన్ల మొదట్లో చిన్న రొద ఉంది. దానివల్ల మెట్టు నొక్కాక స్వరం ఆలస్యంగా పలుకుతోంది. స్టార్ట్ పాయింటును పదమూడు వేల రెండు వందల ముప్పై చుక్కలు ముందుకు జరిపి, దానికి ముందున్న ముక్క కోసి పారేశాడు. ఏ కీబోర్డు వాడైనా అదే చేస్తాడు.

నలభయ్యో దినం ఫాతెహా అయ్యాక తల్లి జోహరాబీకి వినిపించాడు. నిమిషం సేపు మెట్టు నొక్కి పట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇది మీ నాన్న కాదురా."

"ఆయనదేనమ్మా. బుల్లయ్య బాబాయ్ ఫోన్లోదే."

"మరి ఊపిరేదిరా? ఊపిరి తీయకుండా ఊదేవాడు మనిషా? ఆ పిల్లికూతలు వింటూనే పడుకునేదాన్ని. ఆగాయంటే మెలకువొచ్చేది. ఇప్పుడు నిద్రే లేదు. అదొక్కటి వినిపించు, చాలు."

తను రొదనుకుని కోసి పారేసిందేమిటో వాడికి అప్పుడు తెలిసింది.

తన ఊపిరే రికార్డు చేసి అతికించి చూశాడు. కుదరలేదు. ఆ గది గోడల మోత అందులో లేదు. అక్కడికే వెళ్లి పీల్చాలి... పగలంతా హైవే హోరు, రాత్రి ఒంటిగంట దాటితేనే కాస్త నిమ్మళం. అప్పటికి జోహరాబీకి బొత్తిగా కునుకు లేక మూడు రాత్రులు.

బ్యాటరీల కీబోర్డు చంకన పెట్టుకుంటుంటే, ఆమె మొగుడి సన్నాయిని సంచిలో పెట్టి ఇచ్చింది.

"ఒంటరిగా పోకు. తోడుంచుకో."

గేటు దగ్గర బుల్లయ్య గొంతు తగ్గించాడు. "ఏరా, దయ్యానికి కచేరీ పెడతావా?"

"తాళం తియ్యి బాబాయ్."

"తీస్తా. లోపలికి మాత్రం రాను. నీకు జ్వరమొస్తే మీ అమ్మ చూసుద్ది. నాకొస్తే ఎవడు చూస్తాడు?"

లోపల ఫోను వెలుతురు తప్ప ఏమీ లేదు. మూల బేళ్ల ప్రెస్సు నల్లగా నిలబడి ఉంది. ఖలీల్ నేల మీద కూర్చుని, మైకు ముందు ఊపిరి పీల్చాడు. అతికించాడు. విన్నాడు... కాదు. మళ్లీ పీల్చాడు. పదకొండుసార్లు. అన్నీ ఇరవై మూడేళ్ల వాడి గట్టి ఊపిరులే. ఒక్కదాంట్లోనూ పిల్లికూత లేదు.

ఏడుపొచ్చింది. మెట్టు నొక్కి పట్టుకుని అలా కూర్చుండిపోయాడు. సన్నాయి మోగుతోంది... టక్... మోగుతోంది... టక్...

కాసేపటికి టక్ వినిపించడం మానేసింది.

తెర మీద అంకెలు చూశాడు. ఒక్క చుక్క కూడా జరగలేదు. అతుకు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఆ సందును పూడుస్తున్నారు...

మెల్లగా వేలు తీశాడు.

సన్నాయి ఆగలేదు.

ప్రెస్సు వైపు నుంచి వస్తోంది. భయానికి వాడికి తెలిసిన పని ఒక్కటే — లెక్కపెట్టడం. ఒకటి... రెండు... మూడు... పద్దెనిమిది దగ్గర స్వరం సన్నబడి తెగింది. ఆ వెంటనే, చెవి పక్కనే — ఊపిరి పీల్చిన చప్పుడు. దాని అడుగున పిల్లికూత.

వదిలిన చప్పుడు లేదు.

పరుగెత్తినవాడు గడప దగ్గర ఆగాడు.

కచేరీలో నాన్న ఊపిరి తీసుకునేటప్పుడు ఓరగా తనవైపు చూసేవాడు, అందుకోమని. జోడు స్వరం అందుకున్నాకే ఆయన మళ్లీ కలిసేవాడు. అందాకా పీల్చిన గాలిని ఛాతీలోనే పట్టుకుని ఉండేవాడు.

దసరా నుంచి ఇవాళ్టికి నలభై మూడు రోజులు.

ఖలీల్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. రికార్డు మీట నొక్కాడు. ఎర్రలైటు వెలిగింది. మెట్ల మీద చెయ్యి వేయలేదు. సంచి విప్పి సన్నాయి తీశాడు. రెండేళ్లుగా తను నోట పెట్టని పీకను పెదాల మధ్య పెట్టుకుని... తడిపాడు.