గుంత మగ్గంలో తొమ్మిది పాటలు

ఆదివారం ఆదోని మార్కెట్ యార్డుకు సెలవు. సెలవు రోజున వెంకటకృష్ణయ్యకు కాలూ చెయ్యీ ఆడవు. పొద్దున్నే ఉగ్గాని ప్లేటు ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "ఉప్పు తక్కువైంది. బొరుగులు ఇంగ కొంచెం నానల్ల," అన్నాడు. అని, మళ్లీ వడ్డించుకుని తిన్నాడు.

ఒక జిన్నింగ్ మిల్లు తరఫున ముప్పై ఏళ్లుగా పత్తి కొంటున్న మనిషి ఆయన. దేన్ని చూసినా ముందు వంక కనిపిస్తుంది. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో గోవిందమ్మ ఆ వంకలను పట్టించుకోవడం మానేసింది. మానలేనిది వాళ్ల కూతురు సాయిశ్రీ.

సాయిశ్రీ పగలు స్కూల్లో కంప్యూటర్ టీచరు. మిగతా వేళల్లో డ్రమ్మర్. నితిన్, నాగేంద్ర, ఇంకో స్నేహితురాలు, తను కలిసి ఒక రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు. ఎమ్మిగనూరులో నాగేంద్ర వాళ్లమ్మ వీరమ్మ నేలలో గుంత తీసి బిగించిన మగ్గం మీద నేత నేసే గదిలోనే రికార్డు చేసి, ఎనిమిది నెలల కిందట తొమ్మిది పాటలతో మొదటి ఆల్బం విడుదల చేశారు. పేరు 'గుంత మగ్గం'. నెట్‌లో పెట్టిన రోజు చుట్టాలందరూ లైకులు కొట్టారు. ఆ తర్వాత ఎవరూ పలకలేదు. రేపటి నుంచి రెండో ఆల్బం మొదలుపెట్టాలని నితిన్ పట్టుదల. వస్తావో రావో ఇవాళ పొద్దున పది గంటల్లోగా చెప్పమన్నాడు. సాయిశ్రీ లేకపోతే బ్యాండే లేదు.

"నాయినా, రేపు ఎమ్మిగనూరు పోవల్లనా, వద్దా?" అని అడిగింది సాయిశ్రీ.

"ముందుదాంట్లో తప్పులు దిద్దుకున్నారా?" అన్నాడు ఆయన ప్లేటులోంచి తల ఎత్తకుండా. "రెండో పాటలో మాటలు తెలీవు. మూడో పాటలో గిటారు గొంతును మింగేసింది. ఐదో పాటలో నీ డ్రమ్ము రెండు తావుల తొందరపడింది. ఏడోది సాగదీసినారు. ఎనిమిదో పాట మొదలు బాగలేదు. తొమ్మిదోది ఉన్నట్టుండి ఆగిపోతాది."

సాయిశ్రీ ముఖం ఎర్రబడింది. ఈ జాబితా ఆమెకు కొత్త కాదు. మూడు నెలలుగా అన్నం దగ్గర ఇదే వరస.

"ఒక్కటన్నా బాగుందా నాయినా? తొమ్మిదిట్లో ఒక్కటి?"

వెంకటకృష్ణయ్య నోరు తెరిచాడు. ఏదో అనబోయి, "బాగు చేసుకుంటే బాగుంటాది," అన్నాడు.

"చాలు. ఇంట్లోనే దిక్కులేనిది ఊర్లో ఎవురు వింటారు?" ఆమె ఫోన్ తీసి గబగబా టైపు చేసింది. "నేను రాను, వేరే డ్రమ్మర్‌ను చూసుకోమని రాసేసినా. రేపట్నుంచి నీ చెవులకు నిమ్మళం."

ఆయన చెయ్యి ప్లేటులోనే ఆగిపోయింది. "పంపిస్తివా?" అన్నాడు.

"పంపిస్తి."

ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. గోవిందమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏమండీ, బిడ్డ అంత మాటంటే గమ్మున పోతారే? ఆ డ్రమ్ములంటే దానికి ప్రాణమని మీకు తెలీదా? ఒక్క మంచి మాటకు మీ సొమ్మేం పోతాది?" అని వెనకే వెళ్లి నిలదీసింది. ఆయన తువ్వాలతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కేక వినిపించింది.

"కిష్టయ్యన్నా! ఇంట్లో ఉండావా?"

ఆలూరు పక్క రైతు కాశప్ప. ఏటా తన పత్తి వెంకటకృష్ణయ్యకే అమ్ముతాడు. అతన్ని చూడగానే వెంకటకృష్ణయ్య కంగారుగా ఎదురెళ్లాడు. "రేపు యార్డులో చూద్దాంలే, పో కాశప్పా," అన్నాడు.

"రేపేంది? ఫోన్లోకి పాటలు ఎక్కించుకుందువు, ఇంటికి రమ్మని నువ్వే అంటివి గదా!" కాశప్ప ఆయన్ను దాటుకుని లోపలికి వచ్చి సాయిశ్రీకి ఫోన్ అందించాడు. "డ్రమ్ములు కొట్టే పాపవి నువ్వేనా? మీ నాయినతో యాగలేకపోతాండామమ్మా. పత్తి చూసేదానికి ముందు ఒక పాటన్నా వినిపించంది వదలడు. దసరాకు దేవరగట్టు జాతర ముందర వాన పట్టుకున్నాది సూడు, ఆ పొద్దు షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి తొమ్మిదీ వినిపించినాడు. ఐదో పాటొస్తే చాలు, 'ఈడ ఇనండప్పా, నా బిడ్డ చెయ్యి' అని అందరి నోళ్లూ మూయిస్తాడు. హమాలీ మాదన్నకైతే పాటలన్నీ నోటికి వచ్చేసినాయి."

సాయిశ్రీ తండ్రి వైపు చూసింది. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు.

"ఇంట్లో ఒక్కనాడన్నా బాగుందనలేదు. ఇప్పుడు కూడా ఆరు తప్పులు పెట్టినాడు," అంది.

"ఆరా?" కాశప్ప కళ్లు పెద్దవి చేశాడు. "నా పత్తికి ఎన్నడూ మూడు దాటలేదే! నీకు తెలీదా పాపా? మీ నాయిన నచ్చిన సరుక్కే వంకలు పెడతాడు. ఎంత నచ్చితే అన్ని వంకలు. నచ్చకుంటే 'బాగుందప్పా' అని మర్యాదగా ముందుకు పోతాడు. ఆ మాట ఇంటే మాకు గుండె జారిపోతాది."

యార్డులో రైతులందరికీ తెలిసిన సంగతి. ఏనాడూ యార్డులో అడుగుపెట్టని ఈ ఇంటి ఆడవాళ్లకు మాత్రం చెప్పినవాళ్లు లేరు. గోవిందమ్మ గడప మీదే చతికిలబడింది. "ఇరవయ్యారేండ్లు!" అంది. "పెండ్లిచూపుల్లో పిల్ల పొట్టి, నలుపు, నవ్వదు అన్నాడంట. ఇన్నేండ్లూ ఆ మాట కడుపులో పెట్టుకుంటి గదా!"

కాశప్ప పకపకా నవ్వాడు. సాయిశ్రీ నవ్వలేదు.

"నేను సరుకునా నాయినా?"

ఆ మాటకు వెంకటకృష్ణయ్య కుర్చీలో కూర్చుని తల దించుకున్నాడు.

"కాదు తల్లీ. యార్డులో అమ్మేవాని నోరు వస్తాది నాకు. నా బిడ్డది అని గర్వంగా, ఆపుకోలేకుండా పొగుడుతా. నీ ముందర కూర్చుంటే కొనేవాని నోరే వస్తాది. బాగుందంటే రేటు పెరిగి చేజారిపోతాదేమోనని ముప్పై ఏండ్ల అలవాటు. బిడ్డతో కూడా బేరమాడితి సూడు, అంత తెలివితక్కువోణ్ణి."

"అట్లయితే ఇప్పుడు చెప్పు. వంక లేకుండా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ వాన పొద్దు వరకు నేను మీ పాటలు వినలేదు. అది నా తప్పే. తొలిసారి విన్నప్పుడు ఐదో పాటలో వీరమ్మ మగ్గం చప్పుడు వస్తాండె. అది సన్నగా ఆగిపోయినాక నీ డ్రమ్ము అందుకున్నాది. అదే నడక, కానీ ఇల్లు అదిరేటంత బలం. నా ఒళ్లు జల్లుమన్నాది. ఇది నా బిడ్డ చెయ్యి అని ఆడ అందరి ముందర ఏడ్చినా. బాగుంది పాపా. చానా బాగుంది. కానీ—"

"ఏమండీ!" అంది గోవిందమ్మ.

ఆయన టక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సాయిశ్రీకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వచ్చి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. ఎనిమిది నెలలుగా ఎవరూ వినలేదని దిగులుపడిన పాటలు ఒక పత్తి షెడ్డులో ఇన్నిసార్లు మోగాయని తలుచుకుంటే ఆమె మనసు పొంగింది. అంతలోనే చేతిలోని ఫోన్ గుర్తొచ్చింది.

"రానని చెప్పేస్తి గదా నాయినా," అంది.

వెంకటకృష్ణయ్య కూతురి తల మీద చెయ్యి వేశాడు. "తొమ్మిదీ తిప్పి తిప్పి విన్నా తల్లీ. అయిపోయినాయి. నువ్వు ఆపేస్తే పదోది నేను యాడ తెచ్చుకోవల్ల?"

సాయిశ్రీ చున్నీతో కళ్లు తుడుచుకుని నితిన్‌కు ఫోన్ చేసింది.

"ఆ మెసేజ్ తీసేయ్. రేపు తొలి బస్సుకే వస్తాండా," అంది. "మా నాయిన పదో పాట అడుగుతాండాడు."