కుడి సగం ఏది?

అమావాస్య... పట్టపగలు... నడినెత్తిన సూర్యుడు నల్లబడుతున్నాడు!

కోళ్లు గూళ్లలో దూరాయి. కోట గోడ మీద గుడ్లగూబ వికృతంగా కూసింది. మబ్బు తునకైనా లేని ఆకాశంలో ఉరుము! కొండ దిగువ ఊళ్లలో జనం బాణళ్లూ బిందెలూ మోగిస్తున్నారు... సూర్యుణ్ణి మింగుతున్న ఆకాశపు కుక్కను అదిలించడానికి. మా ఉత్తరపు కనుమ కోటలో మాత్రం ఒక్క నగారా మోగలేదు. మోగించినవాడి తల తీస్తానని సేనాపతి షెన్ బావో ఆజ్ఞ. సైనికులు నగారా పుల్లలు పట్టుకుని, కాళ్లు నిలవక అటూ ఇటూ తిరుగుతున్నారు.

"దొరా, ఒక్క దెబ్బ కొట్టనివ్వండి" అని ఉపసేనాని లూ తుంగ్ బతిమాలాడు. "ఉన్నదొక్క సూర్యుడు. పోతే ఇంకోడు దొరకడు."

"నోర్మూసుకోరా తుంగ్!"

దొంగకు అమావాస్య కావాలంటారు. క్షుద్రోపాసకుడు మో షూ అంతకంటే ఘనుడు, పట్టపగలే చీకటి కావాలన్నాడు. ముంగిట్లో సిందూరంతో వలయం గీశాడు. నల్లకుక్క నెత్తురు చిలకరించాడు. నడుమ ఒక కపాలం... దాని ఎదుట జుట్టు విరబోసుకుని సేనాపతి ఒక్కగానొక్క కూతురు రుయిలాన్!

ఇంత ఘోరానికి కారణం ప్రాణభయం. చక్రవర్తి పిలిచాడని రాజధానికి వెళ్లిన సేనానులు ఉప్పు నింపిన పెట్టెల్లో తిరిగొస్తున్నారు... తలల మట్టుకు! ఇప్పుడు షెన్ బావో వంతు వచ్చింది. అతను తిరగబడ్డాడు. తల దక్కాలంటే సింహాసనమే లాక్కోవాలి. ఉన్నది మూడు వేలమంది. రాజధానిలో లక్షలు. అందుకే అతని కన్ను చచ్చినవాళ్ల మీద పడింది.

కంచు పులిబొమ్మను నిలువునా చీల్చి, ఎడమ సగం సేనాపతికిచ్చి, కుడి సగం చక్రవర్తి తన దగ్గర ఉంచుకుంటాడు. ఆజ్ఞతోపాటు అది వచ్చి, రెండూ అతికితేనే సైన్యం అడుగు వేస్తుంది. నూరేళ్ల కింద ఇదే కనుమ లోయలో సేనాపతి పాన్ యి దళాలకు తిండి అయిపోయింది. వెనక్కి రమ్మనే కుడి సగం కోసం ఎదురుచూశారు. అది రాలేదు. వాళ్లు కదల్లేదు. ఇరవై వేలమంది, పట్టిన ఈటెలు పట్టినట్టే, మంచులో బిగుసుకుపోయారు! ఇప్పటికీ గాలి తిరిగితే ఆ లోయలో పళ్లు కొరికే చప్పుడు వినిపిస్తుంది. మా పిల్లలు అటు ఆడుకోవడానికి వెళ్లరు.

వలయంలో ఉన్న కపాలం ఆ పాన్ యిదే. దాని వెనకనుంచి ఎముక కోసి మో షూ కుడి సగం పులిని చెక్కాడు.

అసలు కుడి సగం ఎక్కడుందో షెన్ బావోకి ఒక్కడికే తెలుసు. అది అతని రొమ్ముకవచం కిందే ఉంది! నిన్న దూత తెచ్చాడు: 'సైనికులు ఇళ్లకు పోవాలి, సేనాపతి రాజధానికి రావాలి.' దూత ఇప్పుడు నోట్లో గుడ్డతో కొర్రల కొట్టులో పడున్నాడు. ఆ సగం కంటపడితే తన మూడు వేలమందీ ఇంటిదారి పడతారని షెన్ బావో దాన్ని మాంత్రికుడికి కూడా చూపించలేదు.

"నాన్నా, మళ్లీ నేను నేనవుతానుగా?" అంది రుయిలాన్.

"సూర్యుడొచ్చేలోపే అయిపోతుందమ్మా. నీ ద్వారా పాన్ యి రెండు మాటలు మాట్లాడతాడు, అంతే."

ఎండ పూర్తిగా వచ్చేలోగా ప్రేతం ఒంట్లోంచి దిగిపోకపోతే ఆ ఒళ్లు ఇక దానిదేనని మో షూ ముందే చెప్పాడు. ఆ మాట తండ్రి మింగేశాడు.

సూర్యుడు మాయమయ్యాడు!

ప్రచండ శీతవాయువు విరుచుకుపడింది. దీపాలు ఆరిపోయాయి. రుయిలాన్ కెవ్వుమంది... ఆ కేక సగంలో తెగిపోయి, అదే నోటివెంట మగగొంతు, మంచు పగిలినట్టు పలికింది.

"కుడి సగం ఏది?"

దిగువ లోయలో ఇరవై వేలమంది ఒక్కసారిగా లేచి నిలబడిన చప్పుడు!

మో షూ వికటాట్టహాసం చేశాడు. ఎముక పులిని షెన్ బావో చేతిలోని కంచు సగానికి ఆనించాడు. అతికింది! గోరు దూరే సందు లేదు!

"చూశారుగా! కదలండి! రాజధాని మీద పడండి!"

రుయిలాన్ చెయ్యి చాచి ఆ ఎముకను అందుకుంది. నాలుకతో తాకింది. ఆమె కళ్లు తెల్లగా తిరిగాయి.

"ఇది నా ఎముక."

నవ్వు ఆగిపోయింది.

"కంచు పులి రాలేదని చచ్చినవాళ్లం. ఎముక పులికి కదులుతామనుకున్నావురా? దొంగ పులి తెచ్చినవాడికి సైన్యధర్మంలో శిక్షేమిటి?"

లోయంతా ఒక్క గొంతై గర్జించింది: "తల!!"

మో షూ మంత్రాలు అందుకున్నాడు. ఊపిరి పెదవుల మీదే గడ్డకట్టింది. పాదాలనుంచి మంచు పాకింది... మోకాళ్లు... నడుము... కంఠం! ఫెళ్లుమంటూ తల విరిగి దొర్లి, కపాలం పక్కన ఆగింది. తాను తవ్విన గోతిలో తానే పడ్డాడు.

అంతలో సూర్యుడి అంచున సన్నని వెలుగుగీత! అయినా ప్రేతం దిగలేదు.

"కుడి సగం ఏది?"

రుయిలాన్ పెదవులు నీలమయ్యాయి. రెప్పల మీద మంచు పేరుకుంది. ఆ మగగొంతు అడుగునుంచి చిన్న గొంతు... "నాన్నా... చలి..."

షెన్ బావో చెయ్యి రొమ్ము మీదికి పోయింది. అక్కడే ఆగింది. తీస్తే సింహాసనం పోతుంది, తలా పోతుంది. వెలుగుగీత వెడల్పవుతోంది. ఛీ, ఎంత నీచంగా ఆలోచిస్తున్నాను అనిపించింది అతనికి. కవచం తెంచేశాడు.

రెండు సగాలూ అతికిన చప్పుడు కోటంతా వినిపించింది.

"దీనితో వచ్చిన ఆజ్ఞ చెప్పు."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మో షూ తల అతన్నే చూస్తోంది.

"సైనికులు..." కూతురి ముఖం చూశాడు. "సైనికులు ఇళ్లకు పోవాలి!"

లోయలో ఇరవై వేల ఈటెలు నేల మీద పడ్డాయి. "ఆలస్యమైంది... అయినా వచ్చింది" అంది ఆ గొంతు. అందులో కోపం లేదు. రుయిలాన్ తండ్రి చేతుల్లోకి ఒరిగిపోయింది. ముంగిలి నిండా ఎండ పరుచుకుంది. కూతురి ఊపిరి వెచ్చగా మెడకు తగిలేసరికి షెన్ బావో బావురుమన్నాడు.

మళ్లీ ఈటెలు పడుతున్న చప్పుడు! ఈసారి లోయలో కాదు. తలెత్తి చూస్తే, తన మూడు వేలమందే వరసగా ఈటెలు గోడ వారన పడేస్తున్నారు.

లూ తుంగ్ సైనిక వందనంగా పిడికిలి మీద అరచెయ్యి ఉంచి తల వంచాడు. "పులి కలిసింది కదా దొరా. చచ్చినవాళ్లకు ఇచ్చిన సెలవు బతికున్నవాళ్లకు ఉండదా? క్షమించండి."

ఎవర్నీ ఆపలేదు షెన్ బావో. "వెళ్తూ వెళ్తూ కొర్రల కొట్టు తలుపు తియ్యరా. దూత ఆకలితో ఉంటాడు. వేడిగా ఏదైనా పెట్టు, మా ఇద్దరికీ రాజధానిదాకా దూరప్రయాణం ఉంది."

రుయిలాన్ కళ్లు తెరిచింది. ద్వారం దాటి పోతున్న సైనికులను చూసింది.

"అందరూ ఇళ్లకు పోతున్నారా నాన్నా? మనం కూడానా?"

అతను ఆమె రెప్పల మీది తడి తుడిచాడు.

"నువ్వు ఇంటికేనమ్మా."